పసుపు నీళ్ళకు కొలత లేదు

మా ఊరి వరుణయాగం కమిటీ అధ్యక్షుడు చనిపోయిన మనిషి చేత అబద్ధం చెప్పిస్తున్నాడు. ఈ మాట ఆయన అరుగు మీదనే, ఆయన ముఖం చూసి చెప్పినాను. "నీకు నోరెక్కువరా అబ్బయా" అన్నాడు. ఎక్కువే. అందుకే నెల్లూరు పోయి ఈ కాగితం అచ్చు వేయిస్తున్నాను.

పోయిన వారం మంగళవారం తెల్లవారుజామున మా అయ్యవారు పోయినారు. మా వైపు బడిలో చదువు చెప్పే వాళ్ళందరినీ అయ్యవారనే అంటాము గాని, వెనకా ముందూ ఏమీ చేర్చకుండా 'అయ్యవారు' అంటే మా ఊళ్ళో ఆయనొక్కరే. ఈ చుట్టుపక్కల వరి పండించే వాళ్ళలో సగం మందికి లెక్కలూ సైన్సూ చెప్పిన మనిషి. చితి ఆరిందో లేదో, కమిటీ వారు నెల్లూరులో రాయి చెక్కడానికి ఇచ్చినారు. దాని మీద రాయించిన ముక్క ఇది: 'వరుణయాగ పూర్ణాహుతి నాడు రెండంగుళాల వాన కురిసినదని కొలిచి ధ్రువపరచిన అయ్యవారి జ్ఞాపకార్థం.' వచ్చే ఆదివారం పదిగంటలకు బడి గేటు దగ్గర దాన్ని నిలబెడతారట.

అయ్యవారు అట్లా ధ్రువపరచలేదు. ధ్రువపరచను అన్నారు. అన్నందుకు ఏం పడినారో చూసినవాళ్ళం ఊళ్ళో ఇంకా బతికే ఉన్నాము. ఆయన్ను తలచుకోవాలంటే ఆ సంగతి చెప్పాల్సిందే. అది చెప్పాలంటే నా తప్పు కూడా ఒకటి చెప్పాల. అదీ చెబుతాను.

బడి ఆవరణలో, సముద్రం గాలి తగిలే మూల, చిన్న ఇటుక దిమ్మె మీద ఒక రేకు పాత్ర ఉంటుంది. పైన గరాటు, లోపల సీసా. తాలూకా ఆఫీసు వాళ్ళు పెట్టించిన వాన కొలిచే పాత్ర. ఊరివాళ్ళు దానికి పెట్టుకున్న పేరు వానచెంబు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అయ్యవారు అక్కడికి వచ్చేవారు. తలస్నానం చేసి, విభూతి పెట్టుకొని, తడి ఆరని పిలకతో, గీతలు గీసిన గాజు గ్లాసును తుండుగుడ్డలో చుట్టుకొని. సీసాలో నీళ్ళు గ్లాసులో పోసి, గ్లాసును దిమ్మె మీద పెట్టి, తానే మోకాళ్ళు వంచి కిందికి దిగేవారు. వయసు మీరినాక ఆ మోకాళ్ళు టక్కుమనేవి, మా తరగతి దాకా వినిపించేది. గ్లాసును కంటి దగ్గరికి ఎత్తుకుంటే పోయేదానికి ఇంత కష్టం ఎందుకని ఒకసారి అడిగినాను.

"ఎత్తితే చెయ్యి వణుకుతుందబ్బయా. వణికినప్పుడు కన్ను తనకు కావాల్సిన గీతను పట్టుకుంటుంది. మనమే వంగాల."

మండు వేసవిలో కూడా చూసేవారు. నెలల తరబడి వాన లేనప్పుడు కూడా గరాటు తీసి, ఖాళీ సీసా వెలుగుకు పట్టి, రిజిస్టరులో సున్న రాసేవారు. మేము నవ్వేవాళ్ళం. చూడకుండా రాసినా అదే సున్న గదా! "చూడకుండా రాసేది సున్న కాదు, బద్ధకం" అనేవారు. నయాపైసలు వచ్చినాక కొన్నాళ్ళకు అంగుళాల గ్లాసు పోయి మిల్లీమీటర్ల గ్లాసు వచ్చింది. పెద్దవాళ్ళు గొణిగినారు, వానను కూడా గవర్నమెంటు మార్చేసిందని. అయ్యవారు రెండు నెలల పాటు రెండు గ్లాసులతోనూ కొలిచి, రెండూ పక్కపక్కన రాసి, ఊరి రచ్చలో చదివి వినిపించినారు. "కొలత మారింది గాని వాన మీదే" అని.

ఆయన్ను నేను నిజంగా చూసింది ఒక ఎర్ర గీత దగ్గర. ఒక ఏడు పాత్ర గరాటుకు సూది మొన అంత బొక్క పడింది. మా ఊళ్ళో గిన్నెలకు కళాయి పూసే సాయిబు ఒకాయన ఉండేవాడు, బొక్క పూడ్చడానికి అయ్యవారు పాత్రను ఆయన దగ్గరికి తెచ్చినారు. నేను అక్కడే ఉన్నాను, మా అమ్మ ఇచ్చిన గంగాళం కోసం. సాయిబు మాటు వేసి ఇచ్చినాడు. అయ్యవారు అక్కడే రిజిస్టరు తెరిచి, వెనకటి మూడు వారాల కొలతల మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన 'పాత్ర కారినది, నమ్మరాదు' అని రాసినారు.

"అయ్యో, ఏందయ్యవారూ, మంచి రాత మీద గీతలు కొడతా ఉండారు?" అన్నాడు సాయిబు. "బొక్క నేను పూడ్చేసినా గదా. ఇంకెవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుసు, నాకు తెలుసు."

"నేను చెప్పన్లే సామీ!"

"నువ్వు చెప్పవు సాయిబూ. పాత్రే చెబుతుంది, పక్క తాలూకా కొలతతో పోల్చిన రోజు."

సాయిబు నా వైపు తిరిగి, "గిన్నెకు మాటు వేయించుకున్నోళ్ళను చూసినా గాని, కాగితానికి వేసుకున్నాయన్ను ఇదే చూడటం" అని నవ్వినాడు. ఆ రోజు నేనూ నవ్వినాను. తర్వాత చాలా రోజులు నవ్వు రాలేదు. తన తప్పును తానే ఎర్ర సిరాతో రాసుకొనే పెద్దమనిషిని అంతవరకు నేను చూడలేదు.

అప్పటికే నేను నెల్లూరు పోయినప్పుడల్లా అణా పుస్తకాలు, అర్ధణా కరపత్రాలు కొని తెచ్చి చదివేవాణ్ణి. ప్రకృతి, పదార్థం, మూఢత్వం. ఆ మాటలు నోట్లో వేసుకుంటే మిరపకాయ బజ్జీల్లాగ ఉండేవి. లోకంలో రెండే పక్షాలు, సైన్సు ఒకటి, పూజారులు ఒకటి. మరి అయ్యవారు? రెండు పూటలా సంధ్య వార్చేవారు, ఏకాదశి ఉపవాసం మానరు. ఒకరోజు తెగించి అడిగేసినాను.

"ఈ విభూతి పెట్టుకొని ఆ గ్లాసు ఎట్లా పట్టుకుంటారు అయ్యవారూ?"

ఆయనకు కోపం రాలేదు. "విభూతి నుదుట ఉంది. గ్లాసు చేతిలో ఉంది. కన్ను రెంటికీ మధ్యన ఉంది. దాన్ని రెంటికీ దూరంగా పెట్టుకోవడమే నా పని" అని, "నీ కరపత్రాలకు కూడా దూరంగానే పెట్టుకో" అన్నారు. ఆ రెండో ముక్క నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పినాను కూడా.

ఆరేళ్ళ కిందట కార్తీకం వచ్చినా మాకు వాన రాలేదు. ఈ తీరానికి తూర్పు గాలి తెచ్చే వానే దిక్కు. నారుమళ్ళు ఎండి పగుళ్ళు ఇచ్చినాయి, మొలగొలుకుల వరి నారు చేత్తో పట్టుకుంటే పొడి అయింది. అప్పుడు వరుణయాగం కమిటీ పుట్టింది. అధ్యక్షుడు ఎవరో చెప్పక్కరలేదు, పంచాయతీ సమితిలో ఆయన మాటకు అప్పుడూ ఇప్పుడూ ఎదురు లేదు. ఐదు రోజుల యాగం. అయ్యవారు కూడా కూర్చున్నారు. వాన కోసం ఆయన పెట్టుకున్న దండం ఎవరి దండం కంటే తక్కువది కాదు. ఎండిన నారు చూసి ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూసినాను.

ఐదో రోజు మధ్యాహ్నం పూర్ణాహుతి అయింది. కలశాలు ఊరేగించినారు. ఊరేగింపు బడి ముందుకు వచ్చేసరికి ఆడవాళ్ళకు వానచెంబు కనపడింది. వాన ఏ చెంబులో పడుతుందో ఆ చెంబుకు పూజ చేయకపోతే ఎట్లా! రేకుకు పసుపు రాసినారు, కుంకుమ పెట్టినారు, గరాటులో పూలు వేసినారు. తలా కాస్త కలశజలం లోపల పోసినారు. మా అమ్మ పోసింది. అధ్యక్షుల వారి ఇంటామె పోసింది. అయ్యవారి భార్య కూడా పోసింది, ఆమెను అయ్యవారమ్మ అంటాము. అయ్యవారు అప్పుడు యాగశాలలో మంత్రం చెబుతా ఉన్నారు.

ఆ సాయంత్రం చినుకులు పడినాయి. ఎంత పడినాయి? అధ్యక్షుణ్ణి అడిగితే కుండపోత. నన్ను అడిగితే చొక్కా తడవని జల్లు.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఊరంతా వానచెంబు దగ్గర ఉంది. అయ్యవారు గరాటులో పూలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టినారు. సీసా ఎత్తినారు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. గ్లాసులో పోయలేదు, చూస్తా నిలబడినారు. అధ్యక్షుడే ఆగలేక సీసా తీసుకొని తన చేత్తో గ్లాసులో రెండు మూడు సార్లు పోసినాడు.

"ఈ మిల్లీమీటర్లు ఎవరికి కావాల? అంగుళాల్లో ఎంతయింది అయ్యవారూ?"

"నీళ్ళయితే రెండంగుళాలు."

జనం గోవిందా కొట్టినారు.

"నేను నీళ్ళు అన్నాను. వాన అనలేదు." ఆయన గొంతు పెద్దది కాదు. ముందు వరసలో ఉన్నవాళ్ళకే వినపడింది. "దీంట్లో పసుపు ఉంది. వానలో పసుపు ఉండదు. కలశజలం ఎవరు ఎంత పోసినారో చెబితే తీసివేత వేసి వాన ఎంతో చెబుతాను."

ముందుకు వచ్చింది అయ్యవారమ్మ. "నేను పోసినాను" అంది.

"ఎంత?"

"ఉద్ధరిణెతో మూడు సార్లు. నా వెనక ఇరవై మంది. కొందరు ఉద్ధరిణెతో, కొందరు చెంబు వంచి కాస్త."

"ఒక చెంబు పోస్తే చాలు, దీంట్లో అంగుళమున్నర వాన లేస్తుంది" అన్నారు అయ్యవారు. ఆమె మీద కసురుకోలేదు. తర్వాత రిజిస్టరు తెరిచి అందరి ముందర రాసినారు: 'కొలత లేదు. కలశజలం కలిసినది.'

అధ్యక్షుడు ఆయన భుజం మీద చెయ్యి వేసినాడు. "ఏందయ్యవారూ, ఊరు ఐదు రోజులు పస్తు ఉండి చేసిన యాగం. రెండంగుళాలని రాస్తే మీ చెయ్యి అరుగుతుందా? మీరూ కూర్చున్నారు గదా యాగంలో!"

"కూర్చున్నాను కాబట్టే. దేవుణ్ణి నేనూ అడిగినాను. ఆయన ఇచ్చింది ఎంతో నేను పెంచి చెబితే, ఇచ్చింది చాలలేదన్నట్టు."

ఆ మాటకు నేను పొంగిపోయినాను. సైన్సు గెలిచిందని గంతు వేసినాను. సాయంత్రం ఆయన ఇంటికి పోయి, "సున్న అని రాయండి అయ్యవారూ! ఉన్నదంతా కలశం నీళ్ళే, వాన లేనే లేదు. యాగం చేయని ఊళ్ళో కూడా చినుకు పడిందంట, అది కూడా రాయండి" అన్నాను.

"యాగం చేయని ఊళ్ళో పడిందంటే అది నువ్వు రాసుకో, తెలిసినంత రాసుకో. సున్న ఎట్లా రాస్తాను?"

"నా చొక్కా కూడా తడవలేదండీ!"

"తడిసింది. మీ అమ్మ రాత్రి దండెం మీద ఆరేసింది. పొద్దున మీ ఇంటి దోవన వస్తా చూసినాను."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా తగ్గలేదు. ఈయన మెత్తవాడు, భయపడినాడు, రెండు పక్షాల మధ్యన దాక్కున్నాడు అనుకున్నాను. పుస్తకాల్లో అట్లాంటి వాళ్ళకు పేర్లు కూడా ఉండేవి. మర్నాడు బస్సు ఆగే చోట టీ అంగడి గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలతో రాసినాను: 'అయ్యవారి రిజిస్టరు ప్రకారం యాగం వాన సున్న!'

ఇప్పుడు రాయి మీద అధ్యక్షుడు చేస్తున్నది, ఆరేళ్ళ కిందట గోడ మీద నేను చేసినాను. ఆయన చెప్పని మాట ఆయన పేరు పెట్టి రాసినాను.

అయ్యవారు బడికి పోయే ముందర టీ అంగడి దగ్గర ఆగినారు. అంగడాయన దగ్గర తడిగుడ్డ అడిగి తీసుకొని 'అయ్యవారి రిజిస్టరు ప్రకారం' అన్న మూడు మాటలూ ఓపికగా తుడిచినారు. 'యాగం వాన సున్న' అన్నది అట్లాగే వదిలేసినారు. బెంచీ మీద కూర్చున్న నన్ను చూసి, "నాది నేను తుడుచుకున్నానబ్బయా. మిగిలింది నీది, ఉంచుకుంటావో తుడుచుకుంటావో" అని గుడ్డ పిండి అంగడాయనకు ఇచ్చి వెళ్ళిపోయినారు. టీ తాగేవాళ్ళు నవ్వినారు. నేను తుడవలేదు. వారం రోజుల తర్వాత వాయుగుండం పట్టి నిజమైన వాన వచ్చింది, మూడు రోజులు. అదే తుడిచింది.

అట్లా ఆయన ఎవరికీ కాకుండా పోయినారు. అధ్యక్షుడికి ఆయన నాస్తికుడు, నాకు ఆయన పిరికివాడు. దర్భాసనం వేసుకొనే నాస్తికుడు! నెల తిరక్కుండా మనుబోలుకు బదిలీ అయింది. రిటైరు కావడానికి రెండేళ్ళు ఉందనగా, మోకాళ్ళ నొప్పుల మనిషి, నెల్లూరులో బస్సు మారి అంత దూరం. బదిలీ ఎవరు చేయించినారో కాగితం మీద ఉండదు. ఊరికి తెలుసు.

శనివారం సాయంత్రం వచ్చేవారు, సోమవారం తొలి బస్సుకు పోయేవారు. మరి మధ్యలో వానచెంబు? కొత్తగా వచ్చిన పంతులు ఆ గొడవ నాకొద్దు అన్నాడు. అయ్యవారమ్మ చూసింది. మడి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని, ఎనిమిదిన్నరకు, వాళ్ళ గడప నుంచి నలభై అడుగులు నడిచి. రెండేళ్ళ రిజిస్టరులో ఆదివారాలు ఆయన రాత, తక్కిన రోజులు ఆమె గుండ్రని రాత. మొదట్లో బడి పిల్లలు నవ్వినారు, "అయ్యవారమ్మా, పసుపు తెచ్చినావా?" అని. "ఈసారి కళ్ళజోడు తెచ్చినాను రా" అనేది. ఆదివారాల్లో అయ్యవారు ఆమె వారం రాతంతా వేలు పెట్టి చదివి, "బాగుంది" అనేవారు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట ఎవరూ వినలేదు.

నేను ఆయన్ను క్షమించమని అడగలేదు. రిటైరై వచ్చినాక సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చొనేవాణ్ణి. నా కొత్త కరపత్రాలు చదివి పెన్సిలుతో పక్కన గుర్తులు పెట్టి ఇచ్చేవారు. 'ఎట్లా తెలుసు?' 'ఎవరు కొలిచినారు?' అని. ఒకసారి ఒక కరపత్రం చివర 'ఇది నిజం' అని రాసి ఇచ్చినారు. దాన్ని ఇంకా దాచుకొని ఉన్నాను. గోడ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేను ఎత్తబోయినప్పుడల్లా, "బొగ్గు గదా, పోయిందిలే" అనేవారు.

మంగళవారం పొద్దున కబురు విని పరుగెత్తినాను. ఆయన్ను పంచలో పడుకోబెట్టి ఉన్నారు. కాళ్ళ దగ్గర అయ్యవారమ్మ కూర్చొని ఉంది. నన్ను చూసి దగ్గరకు రమ్మని చెయ్యి ఊపింది. ఏదైనా తెమ్మంటుందేమో అనుకున్నాను.

"అబ్బయా, ఎనిమిదిన్నర అవతా ఉంది. నాకు మైల. పోయి చూసిరా."

చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. శవం ఇంట్లో ఉండగా చెంబు గోల ఏందని ఎవరో అన్నారు. "మైల నాకమ్మా. వానకు లేదు గదా" అంది ఆమె.

తుండుగుడ్డలో చుట్టిన గ్లాసు తీసుకొని పోయినాను. గరాటు తీసినాను, సీసా వెలుగుకు పట్టినాను. ఖాళీ. పొడిగా ఉంది. అడుగున ఒక చీమ. చూడకపోయినా తెలిసేదే, నాలుగు రోజుల నుంచి మబ్బు లేదు. అయినా మోకాళ్ళు వంచి కిందికి దిగి ఖాళీ గ్లాసును కూడా కంటికి సమంగా చూసినాను. తర్వాత ఆయన రిజిస్టరులో, ఆయన మోకాళ్ళు వంగడం మానినాక రాస్తా వచ్చిన ఆమె రాత కింద, నా చేత్తో సున్న రాసినాను. గోడ మీద రాసిన సున్నకు ఇది ఆరేళ్ళు ఆలస్యం. కన్నీళ్ళు పేజీ మీద పడకుండా తల పక్కకు తిప్పుకున్నాను. ఆ పేజీని తడపడానికి నాకు హక్కు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో రోజున అధ్యక్షుడు ఇద్దరు మనుషులను పంపించి రిజిస్టరు ఇమ్మన్నాడు, కమిటీ బీరువాలో భద్రంగా పెడతారట. ఆ ఒక్క పేజీ చినిగిందంటే రాయి మీద ఉన్నదే చరిత్ర అవుతుంది. మన పిల్లలు గేటు దగ్గర దాన్ని కూడబలుక్కొని చదువుకుంటారు. అయ్యవారమ్మ ఇవ్వలేదు. "రేపు ఎనిమిదిన్నరకు రాయాల. మీరొచ్చి రాస్తారా?" అని అడిగిందట. వాళ్ళు తిరిగిపోయినారు. మళ్ళీ వస్తారు.

అందుకని ఆదివారం రాయి నిలబెట్టక ముందే, పొద్దున ఎనిమిదిన్నరకు, వానచెంబు దగ్గరికి రండి. యాగం చేసినవాళ్ళు రండి, చేయనివాళ్ళు రండి. ఆ రోజు గరాటులో కలశం వంచిన అమ్మలందరూ రండి, మా అమ్మ వస్తానంది. కళాయి సాయిబు వస్తానన్నాడు. కమిటీ అధ్యక్షుల వారిని కూడా పిలుస్తున్నాను, కొట్లాటకు కాదు. ఆరేళ్ళ నాటి ఆ ఒక్క పంక్తి అందరి ఎదుట చదువుతాము. విన్నాక రాయి మీద ఏముండాలో ఊరే చెప్పనీ. గోడ మీద రాసింది నేనేనని అక్కడ నిలబడి నా నోటితో ఒప్పుకుంటాను.

పదమూడో రోజుకే గడప దాటడమేందని చుట్టాలు అడ్డుపడుతున్నారు. "నలభై అడుగులు. ఆయన కొలిచిన దూరమే" అంటా ఉంది అయ్యవారమ్మ. ఆమె వస్తుంది.

పూలు తేవద్దు, గరాటుకు అడ్డం పడతాయి. దండలు వద్దు, పసుపు వద్దు, నీళ్ళు అసలే వద్దు. ఉత్త చేతులతో వచ్చి నాలుగు అడుగులు ఎడంగా నిలబడండి. ఎనిమిదిన్నరకు ఆమె గ్లాసును దిమ్మె మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకొని, కిందికి వంగుతుంది. లేచి ఎంతో చెప్పేదాకా ఎవరూ మాట్లాడవద్దు.